విమెన్స్ స్టడీస్ చదువు: ఏం నేర్పుతారు, ఎక్కడ ఉంది, చదివాక ఏమిటి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ముస్లిం ఇళ్లలో అమ్మాయి డిగ్రీ పాసైతే మాట ఎక్కువగా మూడింటి చుట్టూనే తిరుగుతుంది: బీఎడ్, ఎంబీఏ, లేదా నికా. ఎం.ఏ. విమెన్స్ స్టడీస్ అని అమ్మాయి అంటే "ఆడవాళ్ల గురించి యూనివర్సిటీకెళ్లి చదవడమేంటి?" అని అమ్మీ అడుగుతుంది. "ఉద్యోగం వస్తాదా?" అని అబ్బా అడుగుతారు. రెండూ అడగాల్సిన ప్రశ్నలే.

మొదటిదానికి ఒక లెక్కతో జవాబు చెప్పొచ్చు. కేంద్ర ప్రభుత్వం 2019లో జనం రోజంతా ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో దేశవ్యాప్తంగా సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనిలోనే ఉంటున్నారని, అదే పని చేసే మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. దాదాపు ఐదు గంటల ఈ పని జీడీపీలో ఎక్కడా కనిపించదు. ఇంత పెద్ద పద్దు పుస్తకాల్లో రాయకుండా వదిలేస్తే ఏ ఆడిటరూ సంతకం పెట్టడు, కానీ దేశం లెక్కలు అలాగే నడుస్తున్నాయి. ఎందుకిలా, ఎవరికి నష్టం, లెక్క ఎలా కట్టాలి అని అడగడమే ఈ చదువు. ఇందులో చరిత్ర, చట్టం, ఆర్థికశాస్త్రం, ఆరోగ్యం, సాహిత్యం అన్నీ కలుస్తాయి. జెండర్ అంటే ఆడవాళ్లు ఒక్కరే కాదు. మగవాడు ఇలా ఉండాలి, ఆడది ఇలా ఉండాలి అని సమాజం పెట్టే కట్టుబాట్లన్నీ అందులోకి వస్తాయి. అందుకే చాలా యూనివర్సిటీల్లో అబ్బాయిలూ ఈ కోర్సులో చేరుతున్నారు.

మన దేశంలో ఈ చదువుకు ఊపు తెచ్చింది ఒక ప్రభుత్వ నివేదిక. మహిళల స్థితిగతులు చూడమని 1971లో వేసిన కమిటీ 1974 చివర్లో నివేదిక ఇచ్చింది. 1901లో వెయ్యి మంది మగవాళ్లకు 972 మంది ఆడవాళ్లు ఉంటే 1971 నాటికి 930కి పడిపోయారు. స్వాతంత్ర్యం వచ్చాక అంతా బాగుపడుతోందనుకున్నవాళ్లకు అది పెద్ద దెబ్బ. అదే 1974లో ముంబైలోని ఎస్‌ఎన్‌డీటీ మహిళా విశ్వవిద్యాలయంలో పరిశోధన విభాగం మొదలైంది. 1980ల మధ్య నుంచి యూజీసీ సాయంతో మిగతా యూనివర్సిటీల్లోనూ కేంద్రాలు వచ్చాయి.

అయితే ఆడపిల్లల బతుకును లెక్కల్లో పెట్టి చూడటం ఉత్తరాంధ్రకు అంతకంటే చాలా పాతది. గురజాడ అప్పారావు 1897లో 'కన్యాశుల్కం' అచ్చు వేసినప్పుడు ముందుమాటలో ఒక జాబితా సంగతి రాశారు. విజయనగరం మహారాజు కోసం తయారైన ఆ జాబితాలో, తెలుగు తీరప్రాంతపు బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్లు 1,034 తేలాయి. వాటిలో 99 మంది పిల్లలకు ఐదేళ్లు. ముగ్గురికి ఏడాది. డబ్బు తీసుకున్నామని ఒప్పుకోవడానికి జనం వెనకాడతారు కాబట్టి ఇది పూర్తి జాబితా కాదని కూడా ఆయనే చెప్పారు. ఈరోజు పరిశోధన పద్ధతుల క్లాసులో చెప్పే పాఠం ఇదే.

ఈ ప్రాంతం వాళ్లకు అన్నిటికంటే దగ్గర విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం. అక్కడి మహిళా అధ్యయన కేంద్రానికి డాక్టర్ దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టారు. రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయి ఆ యూనివర్సిటీలోనే చదివి, రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. 1981లో కన్నుమూసింది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేటలో. చిన్నప్పుడు కాకినాడకు గాంధీజీ వస్తున్నారని తెలిసి, దేవదాసీలు, బురఖా వేసుకునే ముస్లిం స్త్రీలు ఆయన్ని కలిసేలా తనే పూనుకుని ఏర్పాటు చేశారు. పెద్ద సభకు రాలేనివాళ్లు ఎవరో ఆ వయసులోనే చూశారన్నమాట.

ఇక చాలా కుటుంబాలు బయటికి అనని భయం: అక్కడ దీన్‌కు వ్యతిరేకంగా నేర్పుతారేమో అని. క్లాసులో 1985 షాబానో తీర్పు, 2017 తలాక్ తీర్పు, 2019 చట్టం అన్నీ చర్చకొస్తాయి, వాదనలూ జరుగుతాయి. అయితే ఆస్తి సంగతి చూడండి. ఖురాన్‌లో సూరా నిసా ఆడపిల్లకు వారసత్వంలో వాటా ఇచ్చింది. 1937లో బ్రిటిష్‌వాళ్లు తెచ్చిన షరియత్ చట్టం మాత్రం వ్యవసాయ భూమిని పక్కన పెట్టేసింది. 1949లో మద్రాసు రాష్ట్రం సవరణ చేసి ఆ మినహాయింపు తీసేసింది. శ్రీకాకుళం, విజయనగరం అప్పుడు మద్రాసులోనే ఉన్నాయి కాబట్టి ఆ సవరణ ఇక్కడికీ వర్తిస్తుంది. అంటే పొలంలోనూ కూతురికి వాటా ఉంది. అయినా ఎన్ని ఇళ్లలో అన్నదమ్ములు ఆ వాటా నిజంగా రాసిస్తున్నారు? మెహర్ మొత్తం నికానామాలోనే ఆగిపోతోందా, చేతికి అందుతోందా? ఇలాంటివి అడగడానికి మొహల్లాలోకి వెళ్లి, ఉర్దూలో మాట్లాడి, నమ్మకం సంపాదించాలి. అది మన ఇంటి అమ్మాయికి సాధ్యమైనంతగా బయటివాళ్లకు కాదు. ఈ రెండు జిల్లాల్లో ముస్లింలు జనాభాలో ఒక శాతం కూడా లేరు, ఎవరో వచ్చి రాస్తారని చూస్తే ఎప్పటికీ రాయరు. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పిక్కలు ఒలిచే ఆడవాళ్ల చేతులు, పొందూరు ఖద్దరుకు నూలు వడికే ముసలమ్మల కూలి కూడా ఇక్కడ దొరికే పరిశోధన అంశాలే.

విశాఖ కాకుండా తిరుపతిలో 1983లో వచ్చిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. రాష్ట్ర యూనివర్సిటీల పీజీ సీట్లకు ఏపీ పీజీసెట్ రాయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో జెండర్ స్టడీస్ ఉంది, దానికి సీయూఈటీ పీజీ రాయాలి. మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీలో ఈ ఎం.ఏ. ఉర్దూ మీడియంలోనే చెప్తారు. చిక్కేమిటంటే, అక్కడ చేరడానికి ఉర్దూ చదివినట్టు రుజువు చూపాలి. ఇంట్లో ఉర్దూ మాట్లాడి బడిలో తెలుగు, ఇంగ్లీషు మాత్రమే చదివిన మన పిల్లలు చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. ఇల్లు కదలలేనివాళ్లకు ఇగ్నోలో దూరవిద్య ఎం.ఏ. ఉంది, ఏ డిగ్రీ ఉన్నా చాలు.

ఉద్యోగం విషయంలో దాచడానికేం లేదు. ఈ డిగ్రీ చూపగానే పిలిచి ఇచ్చే ఉద్యోగాలు తక్కువ. యూజీసీ నెట్‌లో ఇది ప్రత్యేక సబ్జెక్టు కాబట్టి లెక్చరర్ దారి ఉంది. జేఆర్‌ఎఫ్ వస్తే మొదట్లో నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ వస్తుంది. స్వచ్ఛంద సంస్థల్లో, సర్వే ప్రాజెక్టుల్లో, మహిళా శిశు సంక్షేమ పథకాల్లో కాంట్రాక్టు పనులు దొరుకుతాయి. కానీ ప్రభుత్వ నోటిఫికేషన్లలో చాలాసార్లు సోషల్ వర్క్, సోషియాలజీ అనే రాస్తారు. విమెన్స్ స్టడీస్ సమానమో కాదో దరఖాస్తుకు ముందే కనుక్కోవాలి. గ్రూప్స్ పరీక్షలకు మాత్రం ఏ డిగ్రీ అయినా ఒకటే.

విజయనగరం నుంచి విశాఖకు 60 కిలోమీటర్లే, రోజూ రైల్లో వెళ్లి వచ్చేవాళ్లున్నారు. శ్రీకాకుళం వాళ్లకు నూరు దాటుతుంది, హాస్టల్ తప్పదు. అక్కడి వంట, నమాజుకు చోటు, సాయంత్రం గేటు వేసే టైము వంటివి అబ్బా ఒక్కరే వెళ్లి చూస్తే తెలియవు. అమ్మాయిని, వీలైతే అమ్మీని కూడా వెంట తీసుకెళ్లి, అక్కడ ఇప్పుడు చదువుతున్న అమ్మాయిలనే అడగాలి.