ఏప్రిల్‌లో అడుగుల కొద్దీ మంచు.. పెరట్లో స్కేలుతో లెక్క తేల్చేది వీళ్లే!

చలికాలం అయిపోయింది, స్వెట్టర్లు బీరువాలో పెట్టేశాం అనుకునే టైమ్‌లో ఒక్కసారిగా మంచు తుపాను వస్తే? అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో, కొలరాడోలో మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇలా జరుగుతూనే ఉంటుంది. అలాంటి రాత్రి అందరూ తలుపులు వేసుకుంటే, కొందరు మాత్రం టార్చిలైటు, స్కేలు పట్టుకుని పెరట్లోకి వెళ్తారు. వీళ్లు వాతావరణ శాఖ ఉద్యోగులు కాదు.. వాతావరణం అంటే ఇష్టమున్న మామూలు జనం. ఇంతకీ వీళ్లు ఎలా కొలుస్తారు? ఆ లెక్క ఎందుకు పనికొస్తుంది? తెలుసుకుందాం.

నిన్న ఎండ.. నేడు మంచు

1997 మార్చి 30. ఈస్టర్ ఆదివారం. బోస్టన్‌లో ఉష్ణోగ్రత 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటింది. అంటే మన లెక్కలో 16 డిగ్రీల పైమాటే. మర్నాడు వానగా మొదలైన తుపాను మంచుగా మారింది. ఏప్రిల్ 1 నాటికి బోస్టన్ విమానాశ్రయంలో 25.4 అంగుళాల మంచు నమోదైంది. ఆ నగరంలో ఏప్రిల్ మంచు తుపాన్లలో ఇప్పటికీ అదే రికార్డు. పశ్చిమాన ఉన్న వూస్టర్‌లో అయితే 33 అంగుళాలు! 'ఏప్రిల్ ఫూల్స్ డే బ్లిజార్డ్' అన్న పేరు అలా వచ్చింది.

వీధి మారితే లెక్క మారుతుంది

వసంతంలో పడే మంచుతో చిక్కేంటంటే.. ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దగ్గరే ఊగిసలాడుతుంది. ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే వాన, లేదంటే మంచు. కొండ మీద ఉన్న ఇంటి ముందు అడుగు మంచు పేరుకుంటే, కింద ఊళ్లో రోడ్డు తడిసి ఊరుకుంటుంది. పైగా నేల అప్పటికే వేడెక్కి ఉంటుంది. పడిన మంచు పడినట్టే కరిగిపోతుంది. విమానాశ్రయంలో తీసిన ఒక్క లెక్క ఊరంతటికీ సరిపోదు. అందుకే పెరట్లో కొలిచేవాళ్లు కావాలి.

ఇలా కొలుస్తారు

తెల్ల రంగు వేసిన ప్లైవుడ్ చెక్కను తుపానుకు ముందే ఇంటికి, చెట్లకు దూరంగా నేల మీద పెడతారు. తెలుపు ఎందుకంటే ఎండ వేడిని తక్కువగా పీల్చుకుంటుంది. మంచులో చెక్క కనిపించకుండా పోతుంది కాబట్టి పక్కన గుర్తుగా ఒక చిన్న జెండా పాతుతారు. స్కేలు నిలువుగా గుచ్చి అంగుళంలో పదో వంతు వరకూ చూస్తారు. తర్వాత చెక్క తుడిచి మళ్లీ పెడతారు.

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. ఉత్సాహం కొద్దీ గంటగంటకూ తుడిచి కొలిస్తే మొత్తం ఎక్కువ వస్తుంది. మంచు తన బరువుకు తానే అణిగిపోతుంది కదా.. ఆ అణగడం లెక్కలోకి రాదు. అందుకే ఆరు గంటలకు ఒకసారి కంటే ఎక్కువగా తుడవకూడదన్నది రూల్.

లోతు కాదు.. బరువు చూడాలి

మామూలుగా పది అంగుళాల మంచు కరిగితే ఒక అంగుళం నీరు అని ఉజ్జాయింపు. వసంతపు తడి మంచులో ఐదారు అంగుళాలకే అంత నీరు ఉండొచ్చు. ఒక అంగుళం నీరంటే చదరపు మీటరుకు దాదాపు 25 కిలోలు. అంటే 100 చదరపు మీటర్ల చదును కప్పు మీద రెండున్నర టన్నులు! కొత్తగా చిగురించిన కొమ్మలు విరిగేది, కరెంటు తీగలు తెగేది ఈ బరువుకే. అందుకే వీళ్లు వాన కొలిచే గొట్టంలో మంచు పట్టి, ముందే కొలిచిన గోరువెచ్చని నీళ్లు పోసి కరిగిస్తారు. పోసిన నీటిని తీసేస్తే మిగిలిందే అసలు లెక్క.

ఒక వరద నేర్పిన పాఠం

అమెరికా వాతావరణ శాఖకు వాలంటీర్లు కొలతలు పంపడం 1890 నుంచే ఉంది. కానీ 1997 జులైలో కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లో కుండపోత వాన పడింది. ఊరికి ఒక వైపు 14 అంగుళాలు దాటితే, మరో వైపు అందులో కొద్ది వంతే. వరదలో ఐదుగురు చనిపోయారు. కొలిచేవాళ్లు మరింత దగ్గర దగ్గరగా ఉండాలని అప్పుడు అర్థమైంది. మరుసటి ఏడాది కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో 'కోకోరాస్' అనే వాలంటీర్ల నెట్‌వర్క్ మొదలైంది. ఇప్పుడు అమెరికా అంతటా, కెనడాలోనూ ఉంది. వయసు, చదువుతో పని లేదు. ఎవరైనా చేరొచ్చు.

అక్కడున్న మన తెలుగువాళ్లు కూడా ఈసారి ఏప్రిల్‌లో మంచు పడితే, పార పట్టే ముందు ఒకసారి స్కేలు పట్టండి. 'మంచు పడలేదు' అన్న సున్నా కూడా అక్కడ విలువైన లెక్కే. వాన ఎక్కడ ఆగింది, మంచు ఎక్కడ మొదలైందన్న గీత ఆ సున్నాలతోనే తేలుతుంది.