గోల్కొండలో గైడు చెప్పని అమ్మ కథ

హైటెక్ సిటీ వైపు కాపురముండేవాళ్ళకి చుట్టాలొస్తే ఒక్క రోజులో చూపించడానికి గోల్కొండ ఉండనే ఉంది. మాదాపూర్ నుంచి ట్రాఫిక్ లేకపోతే అరగంట. ఈసారి మా ఆడపడుచు వాళ్ళొచ్చినప్పుడు కోట దగ్గర ఒక గైడుని మాట్లాడుకున్నాం.

గైడు బాగానే చెప్పాడు. కాకతీయుల కాలంలో ఇది మట్టికోట. 1518 నుంచి కుతుబ్‌షాహీలది. కింద గుమ్మటం దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినిపించాయి, పిల్లలకి అదే పెద్ద సరదా. రామదాసు చెర దగ్గర మా ఆడపడుచు చేతులు జోడించింది. నన్ను ఆపేసినవి మాత్రం గోడల్లోని మట్టి గొట్టాలు. ఇప్పుడు కేబుల్ బ్రిడ్జి వేలాడుతున్న మన దుర్గం చెరువు నుంచే ఆ రోజుల్లో కోటకి తాగునీళ్ళొచ్చేవట. చక్రాలతో తోడుతూ అంచెలంచెలుగా కొండపైకి ఎక్కించేవారు. ట్యాంకరు కోసం ఎదురుచూసే మనకి ఆ కష్టం ఇట్టే అర్థమవుతుంది.

గైడు చెప్పిన ఆడవాళ్ళ కథలన్నీ భాగమతి, తారామతి, ప్రేమామతి చుట్టూనే తిరిగాయి. ఎవరో ఒకరు పాడారు, ఆడారు, రాజు మనసు పడ్డాడు. కానీ ఈ కోటని ఒకసారి కాపాడిన ఆవిడ పేరు హయాత్ బక్షీ బేగం. హయత్‌నగర్ అనే పేరు ఆవిడదే.

హైదరాబాదు కట్టించిన మహమ్మద్ కులీకి ఆవిడ ఒక్కతే సంతానం. మగపిల్లలు లేరు కాబట్టి అన్నదమ్ముడి కొడుకు మహమ్మద్‌కిచ్చి పెళ్ళి చేశాడు. ఆ అల్లుడే 1612లో రాజయ్యాడు. 1626లో అతను పోయేసరికి కొడుకు అబ్దుల్లాకి పన్నెండేళ్ళు. అంటే ఒక రాజుకి కూతురు, ఒక రాజుకి భార్య, ఒక రాజుకి తల్లి. పిల్లవాడు పెద్దయ్యేదాకా వ్యవహారాలన్నీ తల్లి కనుసన్నల్లోనే నడిచాయి.

1656లో అసలు పరీక్ష వచ్చింది. వజ్రాల వ్యాపారంలో ఆరితేరిన మంత్రి మీర్ జుమ్లాకీ అబ్దుల్లాకీ చెడింది. రాజు అతని కొడుకుని ఖైదు చేయించాడు. అదే సాకుగా ఔరంగజేబు సైన్యంతో వచ్చిపడ్డాడు. అప్పటికి అతనింకా చక్రవర్తి కాదు, దక్కన్‌లో సుబేదారు. హైదరాబాదు కొల్లపోయింది, అబ్దుల్లా గోల్కొండలోకి వెళ్ళి తలుపులు మూసుకున్నాడు. అప్పుడు ఆ పెద్దావిడ తనే శత్రువు శిబిరానికి వెళ్ళి సంధి మాట్లాడింది. ఢిల్లీ నుంచి షాజహాన్ కూడా ముట్టడి ఆపమనడంతో కోట నిలిచింది.

కానీ సంధి ఉత్తినే కుదరలేదు. కోటి రూపాయలు, రామగిరి ప్రాంతం, వాటితోపాటు అబ్దుల్లా రెండో కూతురు. ఆ పిల్లని ఔరంగజేబు పెద్దకొడుకు మహమ్మద్ సుల్తాన్‌కిచ్చి పెళ్ళి చేశారు. నాయనమ్మ మాటతో ఇల్లు నిలబడింది, మనవరాలు ఇల్లు దాటింది. ఆ అల్లుడు తర్వాత వారసత్వ యుద్ధంలో తండ్రికి ఎదురు తిరిగి గ్వాలియర్ కోటలో ఖైదయ్యాడు. ఆ పిల్లకి ఏ సుఖం దక్కి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు.

బేగం 1667లో కన్నుమూసింది. అబ్దుల్లాకీ కొడుకుల్లేరు, ముగ్గురూ ఆడపిల్లలే. మూడో అల్లుడు అబుల్ హసన్ తానీషా గద్దెనెక్కాడు. 1687లో ఔరంగజేబు మళ్ళీ వచ్చాడు, ఎనిమిది నెలల ముట్టడి తర్వాత కోట పడిపోయింది. ఆ రెండోసారి మాట్లాడడానికి ఆ తల్లి లేదు. ఉన్నా ఔరంగజేబు వినేవాడా అంటే చెప్పలేం. కానీ ఈ వంశంలో గద్దె రెండుసార్లు కూతుళ్ళ ద్వారానే చేతులు మారింది. కొడుకే వంశాన్ని నిలబెడతాడని ఇంకా అనేవాళ్ళకి ఈ సంగతి చెప్పాలి.

చాలామంది కోట ఎక్కి దిగేసరికి అలసిపోయి ఇంటిదారి పడతారు. దగ్గర్లోనే కుతుబ్‌షాహీ సమాధులున్నాయి, అవి వదిలేయకండి. అక్కడ రాజుల గుమ్మటాల మధ్య, వాటికి ఏమాత్రం తీసిపోకుండా ఆవిడ గుమ్మటం ఉంటుంది. మీతో ఆడపిల్లలుంటే అక్కడ కాసేపు కూర్చోబెట్టి ఈ కథ మీరే చెప్పండి. మనవరాలి సంగతి కూడా వదలకుండా చెప్పండి.