మాక్ పోల్ లేని సాఫ్ట్‌వేర్

2019 ఏప్రిల్ 11న దొంకేశ్వర్ ఇంకా నందిపేట మండలంలో ఒక ఊరు. మండల కేంద్రం కావడానికి మరో మూడేళ్లు పట్టింది. శ్రీరాంసాగర్ బ్యాక్‌వాటర్ పక్కన ఉన్న ఈ ఊరి ఓటర్లకు ఆ రోజు పోలింగ్ కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు కనిపించాయి. నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి పోటీలో ఉన్నది 185 మంది. వాళ్లలో 178 మంది రైతులు. క్వింటాలు పసుపుకు 15 వేలు, ఎర్రజొన్నకు 3,500 మద్దతు ధర కావాలని, పసుపు బోర్డు కావాలని ఆర్మూర్ రోడ్ల మీద బైఠాయించిన రైతులు, ఆఖరికి నామినేషన్ కాగితాలతో కలెక్టరేట్‌కు వెళ్లారు. నిరసన కోసం ఎంచుకున్న ఆ దారి దేశంలోని ఎన్నికల యంత్రాంగానికి పెద్ద సాంకేతిక పరీక్ష పెట్టింది.

ఒక్కో బ్యాలెట్ యూనిట్ మీద 16 పేర్లు పడతాయి. పాత ఎం2 రకం యంత్రానికి నాలుగు యూనిట్లకు మించి తగిలించలేరు, అంటే నోటాతో కలిపి 64 పేర్లే. నిజామాబాద్‌లో నోటాతో కలిపి 186. ఇరవై మూడేళ్ల ముందు, 1996లో, ఫ్లోరైడ్ నీళ్ల గోడు చెప్పుకోవడానికి నల్లగొండలో 480 మంది లోక్‌సభకు పోటీ చేసినప్పుడు ఓటు కాగితం మీద పడేది కాబట్టి కాగితాన్ని పెంచగలిగారు. ఈసారి కొందరు రైతులు బ్యాలెట్ పేపరే పెట్టమన్నారు. ఎన్నిక వాయిదా వేయమని హైకోర్టు దాకా వెళ్లారు. కోర్టు ఒప్పుకోలేదు. ఎన్నికల సంఘం 24 యూనిట్ల దాకా తగిలించగల ఎం3 యంత్రాలను తెప్పించింది. ఒక కంట్రోల్ యూనిట్‌కు పన్నెండు బ్యాలెట్ యూనిట్లు కలిపి ఓటింగ్ జరపడం అంతకు ముందు ఎక్కడా లేదు.

1,788 పోలింగ్ కేంద్రాలు. కేంద్రానికి పన్నెండు చొప్పున, పావు వంతు అదనంగా, మొత్తం 26,820 బ్యాలెట్ యూనిట్లు సిద్ధం చేశారు. పావు వంతు అదనం ఎందుకంటే యంత్రం చెడుతుందని ముందే ఒప్పుకున్నారు గనుక. ఇంజినీర్లు తొలి దశ తనిఖీ చేయాలి, అదీ పార్టీల ప్రతినిధుల కళ్ల ముందు. ఆ తర్వాత అసలు పరీక్ష పోలింగ్ రోజు పొద్దున. మాక్ పోల్.

ఈ మాక్ పోల్ పద్ధతి గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన దేశంలో సామాన్యులు స్వయంగా కూర్చుని యంత్రాన్ని పరీక్షించే సందర్భం ఇంతకంటే గట్టిది నాకు తెలిసి లేదు. ఓటింగ్ మొదలయ్యే ముందు అభ్యర్థుల ఏజెంట్ల సమక్షంలో కనీసం 50 నమూనా ఓట్లు వేయాలి. ప్రతి అభ్యర్థి మీటా, నోటా మీటా నొక్కి చూడాలి. తర్వాత పోల్ ముగించి, ఫలితం తీసి, వీవీప్యాట్ చీటీలతో సరిచూసి, అంతా చెరిపేయాలి. సిబ్బంది దీన్నే సీఆర్‌సీ అంటారు: క్లోజ్, రిజల్ట్, క్లియర్. మాక్ పోల్ చీటీల వెనక ముద్ర వేసి నల్ల కవర్లో పెట్టి సీలు వేస్తారు. సర్టిఫికెట్ మీద ఏజెంట్ల సంతకాలు తీసుకుంటారు. అభ్యర్థులు అయిదారుగురు ఉన్న చోట ఇది చకచకా అయిపోతుంది. నిజామాబాద్‌లో ఒక్కో మీటా ఒక్కసారి నొక్కినా 186 ఓట్లు. ప్రతి ఓటుకూ చీటీ ఏడు సెకన్లు అద్దం వెనక నిలవాలి. చీటీలు కనిపించడానికే ఇరవై నిమిషాలు దాటిపోతాయి. అందుకే మిగతా రాష్ట్రంలో చాలాచోట్ల ఏడింటికి మొదలైన పోలింగ్‌ను ఇక్కడ ఎనిమిదింటికి జరిపారు, సాయంత్రం ఆరు దాకా పొడిగించారు. ఆరు నుంచి ఎనిమిది వరకు రెండు గంటలూ పరీక్షకే.

కొన్ని కేంద్రాల్లో యంత్రాలు మొరాయించాయి, ఓటింగ్ ఆలస్యమైంది. అయితే లోపం ఓటరు మీద పడకముందే బయటపడింది. ఆ గదిలో కూర్చున్నది ఎవరు? ఫలితంతో లాభమో నష్టమో ఉన్నవాళ్లు. తేడా కనిపిస్తే ‘ఇది నడవదు’ అని అక్కడికక్కడే ఆపగల హక్కు ఉన్నవాళ్లు. యంత్రాన్ని తయారుచేసిన ఇంజినీరు మాట మీదే వదిలేయలేదు.

సరిగ్గా వారానికి, ఏప్రిల్ 18న, ఇదే రాష్ట్రంలో ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాయి.

ఆ విద్యా సంవత్సరానికి ఇంటర్ బోర్డు తన పనిని కొత్త సాఫ్ట్‌వేర్ మీదికి మార్చింది. అంతకు ముందు ప్రభుత్వానికే చెందిన సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ సాంకేతిక సేవలు అందించేది. ఈసారి టెండరు ద్వారా గ్లోబరీనా టెక్నాలజీస్ అనే ప్రైవేటు సంస్థకు ఇచ్చారు. సుమారు 9.7 లక్షల మంది విద్యార్థులు. మూడు లక్షల పైచిలుకు తప్పారు. పరీక్ష రాసిన పిల్లలకు ఆబ్సెంట్ అని వచ్చింది. మొదటి ఏడాది మంచి మార్కులు తెచ్చుకున్న మంచిర్యాల జిల్లా విద్యార్థినికి తెలుగులో సున్నా వచ్చింది, జవాబు పత్రం తీసి చూస్తే 99. ఓఎంఆర్ పత్రం మీద 99కి బదులు సున్నాలు దిద్దడం మనిషి చేసిన తప్పే. కానీ నిరుడు బాగా చదివిన పిల్లకు ఈ ఏడు సున్నా వస్తే ఒకసారి ఆగి చూడమని చెప్పడం సాఫ్ట్‌వేర్‌కు అసాధ్యమేమీ కాదు. అలాంటి వడపోత పెట్టాలని ఎవరూ అనుకోలేదు.

ఫలితాల తర్వాతి రోజుల్లో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఒక్కో చావుకు ఒక్కో కారణం చెప్పే అర్హత ఎవరికీ లేదు. అన్నిటినీ సాఫ్ట్‌వేర్ ఖాతాలో వేయడం న్యాయం కాదు. తల్లిదండ్రులు బోర్డు కార్యాలయం గేటు ముందు నిలబడి అడిగింది మాత్రం ఒకటే: ఈ మార్కులు నమ్మొచ్చా? దానికి బోర్డు దగ్గర జవాబు లేదు.

ప్రభుత్వం ముగ్గురు సభ్యుల కమిటీ వేసింది. తెలంగాణ స్టేట్ టెక్నాలజీ సర్వీసెస్ ఎండీ జి.టి. వెంకటేశ్వరరావు నాయకత్వం. బిట్స్ హైదరాబాద్, ఐఐటీ హైదరాబాద్ ఆచార్యులు మిగతా ఇద్దరు. నెలాఖరుకల్లా నివేదిక ఇచ్చారు. బోర్డు వైపూ సంస్థ వైపూ లోపాలు చూపారు. అందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన మాట ‘ప్యారలల్ రన్’. పాత పద్ధతినీ కొత్త సాఫ్ట్‌వేర్‌నూ పక్కపక్కన నడిపి, రెండు ఫలితాలూ ఒకటేనా అని పోల్చి, ఒకటైతేనే పాతదాన్ని వదలడం. బ్యాంకులు, రైల్వేలు, ఎల్ఐసీ చేతిరాత నుంచి కంప్యూటరుకు మారిన రోజుల్లో ఈ పని చేసిన ఉద్యోగులు ఇంకా మన మధ్యే ఉన్నారు. పొద్దంతా లెడ్జరు రాసి సాయంత్రం ప్రింటవుట్‌తో టిక్కులు పెట్టుకున్న గుమస్తాకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. లక్షల మంది పిల్లల భవిష్యత్తు ఉన్న చోట ఆ పని జరగలేదు. తప్పినవారి జవాబు పత్రాలన్నీ రుసుము లేకుండా మళ్లీ పరిశీలించారు. ఈసారి ఫలితాలను మరో స్వతంత్ర సంస్థ చేత సమాంతరంగా లెక్క కట్టించారు. మే చివర్లో తేలిందేమంటే, 1,137 మంది నిజానికి పాసయ్యారు. చావులు జరిగాక చేసిన ఈ పని, ఏప్రిల్ 18కి ముందు చేసి ఉండాల్సిన పనే.

వారం తేడాతో, ఒకే రాష్ట్రంలో, ఒక యంత్రానికి అంత జాగ్రత్త, ఇంకో యంత్రానికి అంత నిర్లక్ష్యం. డబ్బు లేకనో, తెలివి లేకనో జరిగింది కాదిది. మాక్ పోల్ గదిలో ప్రశ్నించేవాళ్లకు చట్టం కుర్చీ వేసింది. ఫలితాల గదిలో విద్యార్థికి కుర్చీ లేదు.

ఆ తర్వాతి ఏడాది రైతు వంతు. 2020 సెప్టెంబరులో రిజిస్ట్రేషన్లు ఆపేశారు, వీఆర్వో వ్యవస్థను రద్దు చేశారు. అక్టోబర్ 29న మేడ్చల్ జిల్లా మూడుచింతలపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ధరణి అనే భూ రికార్డుల పోర్టల్‌ను ప్రారంభించారు. నవంబర్ 2 నుంచి తహసీల్దార్ల దగ్గరే వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు. మంచి సంగతి ముందు చెప్పాలి: రికార్డు శుభ్రంగా ఉన్న రైతుకు స్లాట్, రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒక్క పూటలో అయిపోయాయి. అంతకు ముందు మ్యుటేషన్ కోసం నెలలు తిరిగినవాళ్లకు అది చిన్న ఊరట కాదు.

చిక్కంతా రికార్డు శుభ్రంగా లేనివాళ్లది. 2017లో మొదలైన భూ రికార్డుల ప్రక్షాళనలో దొర్లిన తప్పులు, వివాదం ఉందని పార్ట్-బిలో పడేసిన భూములు, నిషేధిత జాబితాలో చేరిన సర్వే నంబర్లు, గుంటల తేడాలు, పేర్లలో అక్షరదోషాలు అన్నీ అలాగే పోర్టల్‌లోకి ఎక్కాయి. వాటిని సరిచేసే దారి మొదట పోర్టల్‌లో లేదు. తహసీల్దారు దగ్గరికి వెళితే ‘ధరణిలో ఆప్షన్ లేదు’. ఆర్మూర్ డివిజన్లోనే కాదు, ఆదిలాబాద్ నుంచి ఆలంపూర్ దాకా ఆ మాట విననివాళ్లు అరుదు. తర్వాత ఒక్కో ఆప్షనూ ఒక్కో మాడ్యూల్‌గా తగిలించుకుంటూ పోయారు. పాస్‌బుక్కులో తప్పులకు టీఎం-33, నిషేధిత జాబితాకు టీఎం-15. రైతులు ఈ నంబర్లను పంట రకాల పేర్లంత సులువుగా పలకడం నేర్చుకున్నారు. ఏ సమస్య ఏ మాడ్యూల్లోకి వస్తుందో మీసేవ కేంద్రం వాళ్లకూ సరిగా తెలిసేది కాదు. తప్పు మాడ్యూల్లో పెడితే దరఖాస్తు తిరస్కారం, మళ్లీ ఫీజు, మళ్లీ మొదటి నుంచి.

యార్డులో పసుపు కొనేవాడు కొమ్ము విరిచి రంగు చూడకుండా ధర చెప్పడు. ధరణిని మాత్రం సరిగా విరిచి చూడకుండానే రాష్ట్రమంతటికీ ఒకేసారి పెట్టారు. విరిచి చూసే పని రైతు మీద, అతని భూమి మీద పడింది. సాఫ్ట్‌వేర్ పరిశ్రమలో లోపాన్ని పట్టుకున్న టెస్టర్‌కు జీతం ఇస్తారు. ఇక్కడ రైతే ఫీజు కట్టి లోపాన్ని పట్టుకున్నాడు. ఇందులోని అన్యాయం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇది ప్రభుత్వాల జబ్బు మాత్రమే అనుకోవద్దు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా భద్రతా సంస్థ పంపిన ఒక చిన్న అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపించి ఆగిపోయాయి. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. తర్వాత సంస్థే చెప్పిన కారణం: ప్రోగ్రాం 20 విలువలు ఎదురుచూస్తుంటే అప్‌డేట్ 21 ఇచ్చింది. పరీక్షల్లో అది దొరకలేదు. పైగా అందరికీ ఒకేసారి పంపారు. ఇకపై విడతల వారీగా పంపుతామని ఆ సంస్థ మాట ఇచ్చింది.

ఆ విడతల పద్ధతే మన దగ్గర ధరణి తర్వాత కనిపించింది. 2024 జనవరిలో ప్రభుత్వం ఎం. కోదండరెడ్డి, భూచట్టాల నిపుణుడు ఎం. సునీల్ కుమార్ తదితరులతో ధరణి మీద అయిదుగురి కమిటీ వేసింది. పోర్టల్ నిర్వహణ ప్రైవేటు సంస్థ నుంచి జాతీయ ఇన్ఫర్మేటిక్స్ కేంద్రానికి మారింది. కొత్త చట్టం వచ్చింది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి ప్రారంభమైనప్పుడు రాష్ట్రమంతటికీ ఒక్కసారే కాక ముందు నాలుగు మండలాల్లో సదస్సులు పెట్టి దరఖాస్తులు తీసుకున్నారు: నారాయణపేట జిల్లా మద్దూరు, ములుగు జిల్లా వెంకటాపూర్, ఖమ్మం జిల్లా నేలకొండపల్లి, కామారెడ్డి జిల్లా లింగంపేట. లింగంపేట 2016 దాకా నిజామాబాద్ జిల్లాదే. జూన్‌లో సదస్సులు మిగతా ఊళ్లకూ వచ్చాయి. తహసీల్దారు నిర్ణయం మీద పైఅధికారికి అప్పీలు చేసుకునే దారిని కూడా కొత్త చట్టంలో పెట్టారు.

పైలట్ పెట్టడం మంచి మొదలు. కానీ మాక్ పోల్‌లో ఏజెంటు ఫలితం చూసి సంతకం పెడతాడు. లింగంపేటలో ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఏ రకం తప్పులు బయటపడ్డాయి, వాటిలో ఎన్నిటిని సరిచేసి సాఫ్ట్‌వేర్‌ను మార్చారు అన్నది ఊరి పేరుతో సహా పంచాయతీ గోడ మీద అతికించాలి. ఇంటర్ బోర్డు అయినా, రెవెన్యూ శాఖ అయినా కొత్త మాడ్యూల్ తెచ్చిన ప్రతిసారీ దొంకేశ్వర్ లాంటి ఒక మండలంలో రైతులను, విద్యార్థులను, మీసేవ నడిపేవాళ్లను పక్కన కూర్చోబెట్టి నడిపి చూపాలి. పాత పద్ధతిని అప్పటిదాకా మూసేయకూడదు. కేంద్రానికి పన్నెండు యూనిట్లను రెండు గంటలు పరీక్షించడానికి పోలింగ్ వేళనే మార్చిన జిల్లా ఇది. ఇక్కడి రైతు అంతకంటే తక్కువ అడగాల్సిన పనిలేదు.