డబ్లిన్ పార్సెలు పనివారు

మెట్లెక్కి వచ్చి మన గడప యొద్ద మూటను దించి, నిమిషములో మరల వీధిమలుపు దాటిపోవు డెలివరీ పనివారు సంఘముగా ఏర్పడవలెనా అను ప్రశ్న నేడు హైదరాబాదులోను లండనులోను ఒక్కరీతిగా వినవచ్చుచున్నది. ఫోనులో వచ్చు ఆజ్ఞ ననుసరించి నడచు వృత్తి గనుక, ఆ ప్రశ్నయు ఆ వృత్తితోపాటే పుట్టినదని పలువురి తలంపు. కాని 1913వ సంవత్సరము ఆగస్టు మాసమున, నాడు బ్రిటిషువారి యేలుబడిలో నుండిన ఐర్లండునందు, డబ్లిన్ నగరములో పార్సెళ్లు చేర్చుచుండిన పనివారి చేతికి ఒక ఉత్తరము రూపమున ఈ ప్రశ్నయే వచ్చెను. దానికి వారిచ్చిన సమాధానము ఆ నగరమును అయిదు మాసములు కుదిపివేసెను; అదే యేట అచ్చటికి న్యాయశాస్త్రము చదువబోయిన ఒక తెలుగు యువకుని మూలమున మన దేశపు కార్మికచరిత్రతోడను ముడివడెను.

ఆనాటి డబ్లిన్‌లో పెద్ద కర్మాగారములు తక్కువ. రేవునందు ఓడల సరకు దించుట, బండ్లు తోలుట, బరువులు మోయుట, మూటలు చేర్చుట, ఇవియే బీదవారి జీవనాధారములు. నేడు దొరకిన పని రేపు దొరకునను నమ్మకము లేదు. పూర్వము ప్రభువర్గమువారు కట్టుకొన్న మేడలు పాడుపడి, గదికొక సంసారము చొప్పున నిండిపోగా, నగరములో ఇంచుమించు ఇరువదివేల కుటుంబములు ఒక్కొక్క గదిలోనే కాలము గడపుచుండెను. చేతిపని నేర్చిన వృత్తులవారికి సంఘములు అంతకు పూర్వమే కలవు. మోయువానికిని తోలువానికిని మాత్రము దిక్కు లేకుండెను. ఏలయన, అట్టివాడు కూలి చాలదని పని మానినచో, ఆ పనికై వెలుపల పదిమంది కాచుకొని యుందురు. ఆ పదిమందియు వానితో కలిసినగాని వాని మాటకు విలువ రాదని గ్రహించినవాడు లివర్‌పూలు నుండి వచ్చిన జేమ్స్ లార్కిన్. అతడు 1909లో స్థాపించిన ఐరిష్ ట్రాన్స్‌పోర్ట్ అండ్ జనరల్ వర్కర్స్ యూనియన్ నాలుగేండ్లలో రేవు నుండి వీధులలోనికి వ్యాపించెను. ఒకచోట తగవు పుట్టినచో, ఆ యజమాని సరకును మఱియొకచోటి పనివారు ముట్టకుండుట దాని ముఖ్యాయుధము.

నగరపు వ్యాపారవర్గమునకు నాయకుడు విలియం మార్టిన్ మర్ఫీ. ట్రాము కంపెనీకి అధ్యక్షుడును, ఒక గొప్ప దినపత్రికకు యజమానియు ఆయనయే. ట్రాములు మనుష్యులనే గాక పార్సెళ్లను గూడ మోయుచుండెను. అందుకై కంపెనీలో ప్రత్యేకముగా ఒక శాఖ యుండెను. పత్రికను పంపిణీచేయు విభాగములోని సంఘసభ్యులను తొలగించిన కొలది దినములకే, ఆగస్టు 21వ తేదీన, ఈ పార్సెళ్ల శాఖవారికిని ఉత్తరములు వచ్చెను. లార్కిన్ సంఘములో నీవు సభ్యుడవని డైరెక్టర్లకు తెలిసినది గనుక నీ సేవ యిక అక్కఱలేదనియు, పార్సెళ్ల రవాణాను తాత్కాలికముగా నిలిపివేయుచున్నామనియు, అది తిరిగి మొదలగునాటికి నీవు సంఘమున లేకున్నచో నీ దరఖాస్తును అనుకూలముగా ఆలోచింతుమనియు ఆ ఉత్తరముల సారాంశము. పార్సెలు పోయినదని గాని, ఆలస్యమైనదని గాని అందు ఒక్క మాటయు లేదు. పనివాడు చేసిన తప్పు ఒక్కటే: తనవంటివారితో కలియుట.

ఆగస్టు 26వ తేదీ ఉదయమున, గుఱ్ఱముల ప్రదర్శనకై దూరదేశముల నుండి జనము వచ్చియున్న వారములో, వందలకొలది డ్రైవర్లును కండక్టర్లును నడివీధులలో ట్రాములను విడిచి దిగిపోయిరి. 31వ తేదీ ఆదివారము, సభ జరుపరాదను నిషేధమును లెక్కసేయక, లార్కిన్ వృద్ధమతాచార్యుని వేషమున మర్ఫీకే చెందిన ఇంపీరియల్ హోటలులో ప్రవేశించి, దాని కిటికీ నుండి జనులను సంబోధించెను. పోలీసులు లాఠీలతో విరుచుకుపడగా వందలమంది గాయపడిరి. రెండు దినములకు చర్చి స్ట్రీటులో శిథిలమైన ఇండ్లు కూలి ఏడుగురు మరణించిరి. ఆ పేదల బ్రతుకు ఎట్టి గోడల నడుమ సాగుచుండెనో ఆనాడు నగరమంతయు చూచెను. ఆ మఱునాడే దాదాపు నాలుగువందలమంది యజమానులు ఏకమై, లార్కిన్ సంఘముతో సంబంధము పెట్టుకొనబోమని సంతకము చేయనివానికి పని లేదని నిశ్చయించిరి. తాము సంఘముగా కూడుకొన్న ఆ దినముననే పనివారు సంఘముగా కూడరాదని శాసించుటలోని అన్యాయము వారికి తోచకపోవుట ఈ కథలోని విషాదము. సంతకము చేయని ఇరువదివేలమంది వీధిని పడిరి. సంఘపు కార్యాలయమైన లిబర్టీ హాలులో గంజి కాచి పోసిరి. సెప్టెంబరు 27వ తేదీన ఇంగ్లండు కార్మికసంఘములు పంపిన ఆహారముతో 'హేర్' అను ఓడ రేవు చేరెను.

ప్రభుత్వము నియమించిన జార్జి ఆస్క్విత్ విచారణసంఘము అక్టోబరులో ఇచ్చిన నివేదిక నేటికిని చదువదగినది. ఒకచోటి తగవునకై సంబంధము లేని వ్యాపారములను గూడ స్తంభింపజేయు పద్ధతిని అది విమర్శించెను. అయినను, యజమానులు కోరిన సంతకము వ్యక్తిస్వాతంత్ర్యమునకు విరుద్ధమనియు, ఏ పనివాడును దానిని అంగీకరింపగలడని ఆశింపరాదనియు నిస్సంశయముగా తేల్చెను. కవి జార్జి రస్సెల్ యజమానులకు బహిరంగలేఖ వ్రాసి వారి హృదయకాఠిన్యమును నిరసించెను. యజమానులు మాత్రము కరగలేదు. ఇంగ్లండు సంఘములు ఆహారము పంపినవి గాని తాము పని మానుటకు ఒప్పుకొనలేదు. 1914 జనవరిలో ఆకలిచే ఓడి పనివారు ఒక్కొక్కరే తిరిగి పనిలో చేరిరి.

ఆ సమ్మె ఓడినదనుట నిజము. ఆ ప్రశ్న మాత్రము యజమానులు కోరినట్లు తీరలేదు. ఏ సంఘమును రూపుమాపుటకు నాలుగువందలమంది పూనుకొనిరో, ఆ సంఘమే 1920 నాటికి లక్షకు పైగా సభ్యులతో ఐర్లండునందెల్ల పెద్దదయ్యెను.

అదే 1913లో డబ్లిన్ చేరిన తెలుగు విద్యార్థి, నాటి గంజాం జిల్లా బరంపురమునకు చెందిన వరాహగిరి వేంకటగిరి. వకీలు కాదలచి పోయిన ఆ యువకుడు మూడేండ్లు అచ్చట నుండి, ఐరిష్ స్వాతంత్ర్యోద్యమపు గాలి సోకినవాడై 1916లో మరలి వచ్చి, తుదకు కార్మికోద్యమమునకే జీవితము నంకితము చేసెను. అఖిలభారత రైల్వే కార్మికుల సమాఖ్యను నెలకొల్పినవారిలో నొకడై, వాల్తేరు వఱకు సాగిన బెంగాల్ నాగపూర్ రైలుమార్గపు పనివారిని కూడగట్టెను. కోర్టుతీర్పు పైనుండి విధించు శాంతికంటె, ఇరుపక్షములును ఎదురెదురుగా కూర్చుండి కుదుర్చుకొను ఒప్పందమే స్థిరమనునది ఆయన సిద్ధాంతము. 'గిరి విధానము' అని దానికి పేరు వచ్చినది. కేంద్రములో కార్మికమంత్రిగా నుండి, బ్యాంకు ఉద్యోగుల విషయమున ట్రిబ్యునల్ తీర్పును ప్రభుత్వము మార్చినదని 1954లో పదవిని వదలుకొన్నవాడు ఆయన. అట్టివాడే 1969లో రాష్ట్రపతి యయ్యెను.

మన దేశమునను మొదట సంఘమే పుట్టెను. చట్టము దాని వెనుక వచ్చెను. 1918లో మద్రాసునందు మిల్లు పనివారు సంఘము పెట్టుకొనగా, దాని నాయకుడైన వాడియాపై కంపెనీవారు హైకోర్టునకు పోయి నిషేధాజ్ఞ తెచ్చిరి. సంఘము నడుపుటయే నేరమగునేమోయను ఆ భయము నుండియే కార్మికసంఘముల చట్టమునకై కోరిక బలపడి, 1926లో అది ఫలించెను.

ఇప్పుడు మన గడప యొద్ద నిలిచినవానిని తలచుకొందము. 2020–21లో మన దేశమున డెలివరీ మొదలగు ఇట్టి తాత్కాలిక పనులలో 77 లక్షలమంది యుండిరనియు, 2029–30 నాటికి ఆ సంఖ్య 2 కోట్ల 35 లక్షలు కాగలదనియు నీతి ఆయోగ్ అంచనా. వారు ఉద్యోగులు కారు, 'భాగస్వాములు' అని కంపెనీల వాదము. భాగస్వామికి లెక్కలు చూచు హక్కుండును. వీరికి తమ ఐడీ ఏల బ్లాక్ అయినదో అడుగుటకైన మనిషి కానరాడు. మర్ఫీ ఉత్తరమందైన కారణము వ్రాయబడి యుండెను. డబ్లిన్ పనివారు లిబర్టీ హాలులో ఒకరి మొగ మొకరు చూచుకొనిరి. వీరికి సిగ్నలు దీపముల యొద్దను, హోటళ్ల గుమ్మముల యొద్దను దొరకు రెండు నిమిషములే సభాస్థలము. ఇట్లు చెదరియున్నవారికి సంఘము కష్టసాధ్యము. ఆ కారణముననే అత్యవసరము.

సంఘము వచ్చినచో వేళస్వేచ్ఛ పోవుననియు, ధరలు పెరుగుననియు, నాయకులు స్వార్థపరు లగుదురనియు శంకలు కలవు. నాయకులను ఎన్నికలచేతను లెక్కల తనిఖీచేతను అదుపులో నుంచుట సభ్యుల ధర్మము. ఆస్క్విత్ ఇరుపక్షములకును చేసిన హెచ్చరికను మఱువరాదు. వర్షములో పరుగెత్తి కాలు విరుగగొట్టుకొన్న వానికి ఆ నెల బియ్యము లేకున్నను మనకు చవుకయే కావలెననుట మాత్రము ధర్మము కాదు. ఇక వారు ఉద్యోగులా కారా అను వివాదమునకు ఆ ఐర్లండునుండియే ఒక జవాబు వచ్చినది: 2023 అక్టోబరు 20వ తేదీన అచ్చటి సుప్రీంకోర్టు, ఒక పిజ్జా సంస్థ సరకు చేర్చు డ్రైవర్లను పన్ను విషయమున ఉద్యోగులుగనే యెంచవలెనని తీర్పు చెప్పెను.

మన దేశములోనైతే సంఘము పెట్టుకొనుటకు అట్టి తీర్పునకై వేచియుండ నక్కఱలేదు. రాజ్యాంగము 19వ అధికరణము సంఘములు స్థాపించుకొను హక్కును పౌరులందఱికిని ఇచ్చినది. దానిని పొందుటకు కంపెనీ ఇచ్చు పేరుతో పని లేదు. కావున డెలివరీ పనివారు సంఘముగా ఏర్పడవలెను. ఏర్పడవలెనా వలదా యని నిర్ణయించు అధికారము వారిదే గాని కంపెనీది కాదు. పార్సెళ్లనందుకొను మనము చేయవలసినది ఒక్కటి కలదు: ఆ నిర్ణయము చేసినందులకు ఎవ్వని పనియు పోకుండ వారి పక్షమున నిలుచుట.