పూర్వమానవుని పటము – వంగిన వెన్నెముక

పాఠశాలల జీవశాస్త్ర గదులలో పటం కట్టి వేలాడదీసిన ఒక చిత్రం చాలామందికి సుపరిచితమే. ఎడమ చివర కోతిని పోలిన జీవి, ఆపై వంగి నడిచే ఆకారాలు, కుడి చివర నిటారుగా నడిచే ఆధునిక మానవుడు. 1965లో క్లార్క్ హొవెల్ రచించిన 'అర్లీ మ్యాన్' అనే గ్రంథం కోసం రుడాల్ఫ్ జాలింగర్ అనే చిత్రకారుడు 15 ఆకృతులతో గీచిన చిత్రమే దీనికి మూలం. ఆనాటి నుండి అది అసంఖ్యాకంగా అనుకరింపబడినది.

ఈ చిత్రం చూసినవారికి పరిణామం ఒకే తిన్నని బాటలో సాగినదన్న భావన కలుగుతుంది. వాస్తవానికి అది మహబూబ్‌నగర్ చెంతనున్న పిల్లలమర్రి వంటిది. ఎన్నో కొమ్మలు, ఎన్నో ఊడలు. అయితే వైద్యుని దృష్టికి ఆనేది మరొక భావన: వంగినవాడు తక్కువవాడు, నిటారుగా నిలిచినవాడు పూర్తి మనిషి అన్నది. ఈ భావన వెనుక ఒక రోగి కథ ఉన్నది.

ఒక వృద్ధుని ఎముకలు

1908లో ఫ్రాన్సులోని లా షాపెల్ ఓ సాన్ గ్రామం వద్ద ఒక గుహలో నియాండర్తాల్ మానవుని అస్థిపంజరం బయల్పడింది. నియాండర్తాల్‌లు మనకు దాయాదులవంటివారు. మరుసటి ఏడే ఫ్రాంటిషెక్ కుప్కా అనే చిత్రకారుడు ఆ మానవుని ఒళ్లంతా రోమాలతో, ముందుకు వంగిన మృగంగా చిత్రించగా పత్రికలు దానిని ప్రచురించాయి. 1911–13 మధ్య మార్సెలాన్ బూల్ అనే ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు ఆ ఎముకలను వర్ణిస్తూ, ఈ జాతి మోకాళ్లు వంచి, మెడ ముందుకు చాచి నడిచేదని నిర్ధారించాడు.

1957లో విలియం స్ట్రాస్, కేవ్ అనే ఇద్దరు శరీరనిర్మాణ శాస్త్రజ్ఞులు ఆ ఎముకలను పునఃపరిశీలించారు. అవి తీవ్రమైన కీళ్లవాతంతో బాధపడిన, పళ్లు చాలావరకు ఊడిపోయిన ఒక పెద్దవయసు మనిషివి. ఆరోగ్యవంతుడైన నియాండర్తాల్ మనవలెనే నిటారుగా నడిచేవాడని వారు తేల్చారు. బూల్ ఆ వ్యాధి చిహ్నాలను చూడకపోలేదు. కానీ ప్రాచీనుడు మృగప్రాయుడై ఉండాలన్న ముందస్తు అభిప్రాయం ఆయన తీర్పును నడిపించిందని తరువాతి పరిశోధకులు భావించారు. ఫలితంగా ఆ వంగిన రూపం దాదాపు అర్ధశతాబ్దంపాటు ఒక జాతి మొత్తానికి గుర్తుగా నిలిచిపోయింది.

మన మెట్టనేలలో

ఇదే పొరపాటు మన నల్లగొండ పల్లెలలోనూ జరుగుతూ వచ్చింది. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాలలో నడుము వంగి, మెడ తిప్పలేక, కర్ర ఊతంతో కదిలే మనుషులను చూసి 'వయసు మీద పడింది' అనో, 'కర్మఫలం' అనో అనుకున్నవారెందరో. అది వయసూ కాదు, కర్మా కాదు, వంశదోషమూ కాదు. అది నీటిలోని ఫ్లోరైడు.

మన నేల గ్రానైటు రాతినేల. ఆ రాతిలోని ఖనిజాల నుండి ఫ్లోరైడు భూగర్భజలంలో కరుగుతుంది. అది ఏళ్ల తరబడి ఒంట్లో చేరితే ఎముక గట్టిపడుతుంది, కండరబంధనాలు సున్నంలా బిగుసుకుపోతాయి, వెన్నుపూసలు ఒకదానితో ఒకటి అతుక్కుపోతాయి. చివరకు వెన్నుపాము నలిగి కాళ్లు చచ్చుబడవచ్చు.

ఈ వ్యాధిని గుర్తించిన చరిత్ర మనదే. 1937లో షార్ట్, ఆయన సహచరులు నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను వివరించారు. 1955లో సిద్దిఖీ నల్లగొండ జిల్లా రోగుల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు, ఫ్లోరోసిస్ ప్రాంతాల యువతలో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకునే వైకల్యాన్ని లాన్సెట్ పత్రికలో వెల్లడించారు. ఆ దశాబ్దంలోనే నాగపూర్‌లోని 'నీరి' సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడును తొలగించే విధానాన్ని రూపొందించింది. దానికి ప్రపంచమంతటా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు నిలిచింది. ఒక జిల్లా పేరు వ్యాధికీ, దాని నివారణకూ కూడా గుర్తుగా నిలవడం అరుదైన సంగతి.

2015లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరణ జరుపుకున్న మిషన్ భగీరథ ద్వారా నదీజలాలు ఇంటింటికీ చేరడం ఈ చరిత్రలో పెద్ద మలుపు. అయితే గట్టిపడిన ఎముకను వెనుకకు మళ్లించే మందు లేదు. కనుక నివారణే వైద్యం.

పాఠకులు గుర్తుంచుకోవలసినవి

తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండుట మేలు. వేరే నీరు లేనప్పుడు 1.5 వరకు భారతీయ ప్రమాణం అనుమతిస్తుంది. నీరు మరిగిస్తే ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైనకొద్దీ దాని గాఢత పెరుగుతుంది. క్లోరిన్‌తోనూ పోదు. రుచి, రంగు, వాసన దేనినీ పట్టియివ్వవు. పరీక్ష ఒక్కటే మార్గం. సరఫరా నీరు రాని రోజున బోరునీటితో వంట చేసినా ఫ్లోరైడు ఒంట్లో చేరుతుంది. పిల్లల శాశ్వత దంతాలపై సుద్దవంటి తెల్లని మచ్చలు, గోధుమరంగు చారలు తొలి హెచ్చరికలు. పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు, ఉసిరి, నిమ్మ వంటి కాల్షియం, విటమిన్ సి గల ఆహారం తోడ్పడుతుంది; పాలు కలపని డికాషన్ టీ తగ్గించాలి.

కృష్ణాతీరాన, పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ముడుమాలలో వేల ఏళ్ల కిందటి మన పూర్వులు 10 నుండి 14 అడుగుల నిలువురాళ్లను నాటారు. ఆ బరువులెత్తిన వెన్ను వంగినది కాదు. పటంలోని వంగిన ఆకారాన్ని చూసినప్పుడు జాతిని కాక వ్యాధిని వెదకడం ఎంత అవసరమో, మన వీధిలో వంగిన మనిషిని చూసినప్పుడు అతడు తాగిన నీటిని గురించి అడగడమూ అంతే అవసరం.