దయ, నిగ్రహము: పుట్టుగుణములా, నేర్చిన విద్యలా?

ఒక ప్రాథమిక పాఠశాలలోని రెండవ తరగతిని ఊహించుకొనుడు. ఒక పిల్లవాడు ప్రక్కవాని బలపమును లాగుకొనును. వేరొకడు ప్రశ్న పూర్తి కాకముందే లేచి కేకవేయును. మూడవ పిల్ల, పడిపోయిన స్నేహితురాలిని లేవదీసి దుమ్ము దులుపును. ఉపాధ్యాయుడు మొదటివానిని దుడుకువాడనియు, రెండవవానిని నిలకడ లేనివాడనియు, మూడవ పిల్లను బుద్ధిమంతురాలనియు మనస్సులో వ్రాసికొనును. ఒక్కొక్కప్పుడు ఈ పేర్లు ఏండ్ల తరబడి ఆ పిల్లలను వదలవు. దయ, నిగ్రహము అనునవి కొందరికి పుట్టుకతో లభించి, కొందరికి లభించని గుణములా? లేక లెక్కలవలె, వ్రాతవలె అభ్యాసముచే అలవడు విద్యలా? శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నను నూరేండ్లకు పైగా పరిశీలించుచు వచ్చిరి. ఆ చరిత్రలోని ముఖ్య ఘట్టములను కొన్నింటిని తెలిసికొందము.

నిశ్శబ్దపు ఆట

సద్గుణములను నోటితో చెప్పి నేర్పవచ్చునని పూర్వము అనేక దేశములవారు నమ్మిరి. మన పిల్లలు వేమన, సుమతి శతకముల పద్యములను కంఠస్థము చేసిరి. ఇతర దేశముల పిల్లలు నీతివాక్యములను వ్రాతపుస్తకములలో దిద్దిరి. ఈ పద్ధతికి భిన్నమైన మార్గమును త్రొక్కినవారిలో ఇటలీ దేశపు వైద్యురాలు మరియా మాంటిసోరి ముఖ్యురాలు. 1907 జనవరి 6వ తేదీన ఆమె రోము నగరమున శాన్ లొరెంజో అను పేదల పేటలో ఒక శిశుగృహమును ప్రారంభించెను.

ఒకనాడు ఆమె నాలుగు నెలల పసిబిడ్డను ఎత్తుకొని తరగతిలోనికి వచ్చెను. ఆ బిడ్డ ఎంత నెమ్మదిగా ఉన్నదో చూడుడనియు, అంత నిశ్చలముగా మీరుండగలరా అనియు పిల్లల నడిగెను. పిల్లలు కాళ్ళు చేతులు కదపక, ఊపిరి సైతము మెల్లగా తీయసాగిరి. దీనినుండి నిశ్శబ్దపు ఆట పుట్టినది. ఉపాధ్యాయిని ప్రక్క గదిలో నిలిచి ఒక్కొక్కరి పేరు గుసగుసగా పిలుచును. పిలువబడిన బాలుడు చప్పుడు కాకుండ నడచి వెళ్ళవలెను. తక్కినవారు తమ వంతు వచ్చువరకు వేచియుండవలెను. ఇచట నిగ్రహమును గూర్చి ఉపన్యాసము లేదు, అభ్యాసము మాత్రమే కలదు. మాంటిసోరి 1939లో మద్రాసునకు వచ్చి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. యుద్ధకాలమంతయు ఆమె భారతదేశముననే గడపెను.

పదకొండు వేలమంది పిల్లల పరీక్ష

మాంటిసోరి కనులార చూచి చెప్పినదానిని కొలిచి చూడవలెనను కోరిక తరువాతి తరమువారికి కలిగినది. 1924లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయపు ఉపాధ్యాయ కళాశాలలో హ్యూ హార్ట్‌షోర్న్, మార్క్ మే అనువారు ఒక గొప్ప పరిశోధనను ప్రారంభించిరి. సుమారు 11,000 మంది పిల్లలను తరగతులలోను, ఆటలలోను, ఇండ్లలోను పరీక్షించి, ఫలితములను 1928 నుండి 1930 వరకు మూడు సంపుటములుగా ప్రకటించిరి. మొదటిది మోసమును గూర్చినది. రెండవది సేవను, ఆత్మనిగ్రహమును గూర్చినది.

వారి ఫలితములు పలువురను కలవరపెట్టినవి. పరీక్షలో చూచి వ్రాసిన పిల్లవాడే ఆటలో నిజాయితీగా నుండెను. ఒకచోట ఉదారముగా నిచ్చినవాడు వేరొకచోట ఇయ్యలేదు. ఒక సందర్భములోని ప్రవర్తనను బట్టి వేరొక సందర్భములోని ప్రవర్తనను ఊహించుట మిక్కిలి కష్టమని తేలినది. నీతిసూత్రములను బాగుగా చెప్పగలిగిన పిల్లలు వాటిని అంత బాగుగా ఆచరించినట్లును కనబడలేదు. సందర్భముల సగటును తీసికొన్నచో పిల్లల స్వభావములలో కొంత నిలకడ కనబడునని తరువాతివారు చూపిరి. అయినను ఒక్క సంఘటనను చూచి పిల్లవానికి శాశ్వతమైన పేరు పెట్టరాదను పాఠము మాత్రము చెక్కుచెదరలేదు.

మిఠాయి ముందు కూర్చున్న బాలుడు

1960ల చివరిభాగమున స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు శిశుపాఠశాలలో వాల్టర్ మిషెల్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు ఒక ప్రయోగమును మొదలిడెను. నాలుగైదేండ్ల బాలుని ఒక గదిలో కూర్చుండబెట్టి ఎదుట తినుబండారమును ఉంచుదురు. గంట మ్రోగించినచో వెంటనే ఒకటి తినవచ్చును. పెద్దవారు తిరిగి వచ్చువరకు ఆగినచో రెండు లభించును. ఆ గడువు సాధారణముగా పదునైదు నిమిషములు. వాడిన తినుబండారములలో ఒకటైన మార్ష్‌మాలో అను మెత్తని మిఠాయి పేరుతోనే ఈ ప్రయోగము లోకప్రసిద్ధమైనది.

మిషెల్ కనుగొన్న ముఖ్య విషయము పిల్లల భేదము కాదు, ఉపాయముల భేదము. మిఠాయి కంటికెదురుగా నున్నచో పిల్లలు త్వరగా లొంగిపోయిరి. కప్పి ఉంచినచో ఎక్కువసేపు ఆగిరి. ఏదేని సంతోషకరమైన విషయమును తలచుకొనుమని చెప్పినచో ఇంకను తాళగలిగిరి. మిఠాయి రుచిని తలచిన బాలుడే, దానిని తెల్లని మబ్బుగా భావింపుమన్నంతనే ఓర్పు చూపెను. అనగా నిగ్రహమన్నది పండ్లు బిగబట్టుట కాదు. దృష్టిని మరలించు నేర్పు. నేర్పు అయినచో నేర్పవచ్చును గదా!

కాని లోకము వేరొక విషయమును పట్టుకొనినది. ఎక్కువసేపు ఆగిన పిల్లలు యౌవనమున పరీక్షలలో ఎక్కువ మార్కులు పొందిరని 1990లో మిషెల్, ఆయన సహచరులు ప్రకటించిరి. దానితో నాలుగేండ్లనాటి ఓర్పు జీవితమునకే జాతకమను భావము వ్యాపించినది. ఆ పిల్లలు ఒక విశ్వవిద్యాలయపు ఆవరణలోనివారనియు, వారి సంఖ్య కొద్దియే అనియు చాలమంది మరచిరి. 2018లో టైలర్ వాట్స్ మొదలగువారు తొమ్మిదివందలకు పైబడిన పిల్లల వివరములను తిరిగి పరిశీలించినపుడు ఆ సంబంధము సగమునకు తగ్గినది. కుటుంబస్థితి మొదలగువానిని లెక్కలోనికి తీసికొన్నచో మరింత క్షీణించినది.

ఇంతలో వేరొక ప్రయోగము ప్రశ్ననే త్రిప్పివేసినది. అమెరికాలోని రాచెస్టరులో సెలెస్ట్ కిడ్, ఆమె సహచరులు 28 మంది పిల్లలను రెండు జట్లుగా చేసిరి. ఫలితములు 2013లో అచ్చయినవి. ముందుగా పిల్లలకు మంచి రంగులు, బొమ్మల కాగితములు తెచ్చి యిత్తుమని చెప్పిరి. ఒక జట్టుకు మాట ప్రకారము తెచ్చి ఇచ్చిరి. రెండవ జట్టువద్దకు వట్టి చేతులతో వచ్చి, లేవని చెప్పిరి. పిమ్మట మిఠాయి పరీక్ష జరిపిరి. మాట నిలిచిన జట్టు సగటున 12 నిమిషములు ఆగినది. మాట తప్పిన జట్టు 3 నిమిషములు మాత్రమే ఆగినది. రెండవ జట్టువారికి నిగ్రహము లేదనగలమా? రాని మిఠాయికై వేచియుండుట తెలివి కాదని వారు గ్రహించిరి. ఆకలిని, మాటతప్పుటను ఎరిగిన ఇంటినుండి వచ్చు పిల్లవానిని ఓర్పు లేనివాడని నిందించుటకు ముందు ఈ ప్రయోగమును తలచుకొనవలసియున్నది.

తరగతియే ప్రయోగశాల

నిగ్రహమును ఒక తరగతి మొత్తమునకు నేర్పవచ్చునా? 1969లో కాన్సాస్ రాష్ట్రమున నాలుగవ తరగతిలో సత్ప్రవర్తన క్రీడ అను ప్రయోగము ప్రకటింపబడినది. గోలగా నున్న తరగతిని రెండు జట్లుగా విభజించిరి. అనుమతి లేక లేచినను, మాటలాడినను ఆ జట్టు పేర నల్లబల్లపై ఒక గీత పడును. గీతలు తక్కువగా నున్నచో రెండు జట్లును గెలువవచ్చును. బహుమతులు చిన్నవి: భోజనమునకు ముందుగా బారుతీరుట, కొంత విరామకాలము. అల్లరి వెంటనే తగ్గినది. ఆట నాపినపుడు తిరిగి పెరిగినది; మరల ప్రారంభించినపుడు తగ్గినది. 1985 నుండి బాల్టిమోర్ నగరమున ఒకటవ తరగతి పిల్లలతో ఇదే ఆటను పరీక్షించిరి. ఆ పిల్లలు పెద్దవారైన పిదప చూడగా, మొదట మిక్కిలి దుడుకుగా నుండిన మగపిల్లలలో మాదకద్రవ్యముల వ్యసనము తక్కువగా నున్నట్లు కనబడినది.

దయ విషయమునను ఆచరణయే మార్గమని 2012లో ప్రకటింపబడిన ఒక పరిశోధన చూపినది. కెనడాలోని వాంకూవరులో తొమ్మిది మొదలు పదకొండేండ్ల పిల్లలను, నాలుగు వారములపాటు వారమునకు మూడు దయగల పనులు చేయుమనిరి. వేరొక జట్టును మూడు స్థలములు చూచి రమ్మనిరి. రెండు జట్లకును సంతోషము పెరిగినది. కాని దయగల పనులు చేసిన పిల్లలతో కలసి పనిచేయుటకు ఎక్కువమంది తోటివారు ఇష్టపడిరి.

పాఠశాలకు దీనివలన తెలియునది

నిగ్రహమునకు ఆధారమైన మెదడు ముందుభాగము ఇరువది యేండ్లు దాటినను ఇంకను పరిణతి చెందుచునే యుండును. కనుక ఏడేండ్ల బాలునినుండి పెద్దవాని నిగ్రహమును ఆశించుట, మొలకనుండి పండ్లు కోరుట వంటిది. మొలకకు నీరు పోయుట మన పని.

ఆ నీరు ఏదియో ఈ చరిత్రయే చెప్పుచున్నది. నీతిని చెప్పుటతో ఆగక, ఆచరించుటకు ప్రతిదినము చిన్న చిన్న అవకాశములు కల్పింపవలెను. తాళుమని గద్దించుటకు బదులు తాళు ఉపాయమును చూపవలెను. ఒక్కనాటి తప్పును బట్టి పిల్లవానికి పేరు పెట్టరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, రేపు కథ చెప్పెదనని నేడు తరగతిలో చెప్పిన ఉపాధ్యాయుడు రేపు తప్పక ఆ కథ చెప్పవలెను. పిల్లవాని ఓర్పు మన మాటపై నమ్మకముతో మొదలగును.