వీడియోలో మాట వస్తోంది, బొమ్మ రావట్లేదా? డిలీట్ చేసే ముందు ఇవి చూడండి

ఫోన్‌లో తీసిన పెళ్లి వీడియోను కంప్యూటర్‌లోకి ఎక్కించి ప్లే చేస్తే మాటలు వినిపిస్తాయి. స్క్రీన్ మాత్రం నల్లగానో, ఆకుపచ్చగానో ఉండిపోతుంది. ఫైల్ పాడైందనుకుని డిలీట్ చేసేయొద్దు. చాలాసార్లు ఫైల్ బాగానే ఉంటుంది.

ఎక్కువగా కారణం కోడెక్. అంటే వీడియోను కుదించి దాచే పద్ధతి. ఐఫోన్ సహా చాలా కొత్త ఫోన్లు తక్కువ స్టోరేజీ పట్టేలా హెచ్‌ఈవీసీ, అంటే హెచ్.265 పద్ధతిలో రికార్డు చేస్తాయి. విండోస్ ప్లేయర్‌కు తగిన ఎక్స్‌టెన్షన్ లేకపోతే బొమ్మ రాదు. ఉచితంగా దొరికే వీఎల్‌సీ ప్లేయర్‌లో ఈ కోడెక్ ముందే ఉంటుంది. ముందు అందులో తెరిచి చూడాలి.

అక్కడా బొమ్మ రాకపోతే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను అనుమానించాలి. వీఎల్‌సీలో టూల్స్, ప్రిఫరెన్సెస్, ఇన్‌పుట్/కోడెక్స్‌లోకి వెళ్లి హార్డ్‌వేర్ యాక్సిలరేటెడ్ డీకోడింగ్‌ను డిసేబుల్ చేయాలి. ప్లేయర్‌ను మూసి మళ్లీ తెరవాలి. ఇప్పుడు బొమ్మ వచ్చిందంటే డ్రైవర్‌ను కంప్యూటర్ కంపెనీ వెబ్‌సైట్ నుంచి అప్‌డేట్ చేసుకోవాలి.

ఆన్‌లైన్ వీడియోలకే ఈ ఇబ్బంది ఉంటే క్రోమ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద గ్రాఫిక్స్ యాక్సిలరేషన్‌ను ఆపి, బ్రౌజర్‌ను రీలాంచ్ చేయాలి.

'కోడెక్ ప్యాక్' పేరుతో కనిపించిన ఫైలల్లా డౌన్‌లోడ్ చేస్తే వైరస్ చొరబడే ప్రమాదం ఉంది. కంప్యూటర్‌లో వీడియో పూర్తిగా ఆడేదాకా ఫోన్‌లోని ఒరిజినల్‌ను తీసేయకపోవడమే మంచిది.